సామాను గూళ్ళతో బాత్‌టబ్: మన గోదావరి డెల్టా ఇళ్ళకు సరిపోయే డిజైన్, కొలతలతో సహా

నమస్కారం అండి. అమలాపురం, రాజోలు, భీమవరం, నరసాపురం వైపు కొత్త ఇళ్ళు కట్టుకుంటున్నవాళ్ళు చాలామంది ఈమధ్య బాత్‌టబ్ పెట్టించుకుంటున్నారు. షోరూమ్‌లో టబ్ నచ్చుతుంది, కొని తెచ్చి గోడకి ఆనించి పెట్టేస్తారు. వాడకం మొదలయ్యాకే అసలు ఇబ్బంది తెలుస్తుంది. షాంపూ ఎక్కడ పెట్టాలి? సున్నిపిండి డబ్బా ఎక్కడ? బీరపీచు ఎక్కడ తగిలించాలి? చివరికి అన్నీ టబ్ అంచు మీదకే చేరతాయి. సబ్బు నీళ్ళలో నానిపోతుంది, సీసాల కింద పాచి పడుతుంది, నూనె సీసా జారి కిందపడుతుంది.

అందుకే ఈ వీడియోలో టబ్‌నీ, సామాను పెట్టుకునే చోటునీ కలిపి ఒకేసారి ఎలా గీసుకోవాలో చూపిస్తాను. ఇది ఇటుకతో కట్టి టైల్స్ వేసే టబ్. కింది అంతస్తుకి బాగుంటుంది. మేడ మీద పెట్టుకోవాలంటే ఏం మారాలో ఆఖర్లో చెప్తాను.

పెన్సిల్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో స్నానానికి వాడేవన్నీ తెచ్చి ఒక పాత పేపరు మీద పెట్టండి. సబ్బు, షాంపూ, తలకి పెట్టుకునే నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడు రసం తీసుకునే గిన్నె, బీరపీచు, కాళ్ళు రుద్దుకునే రాయి, రేజర్, పిల్లల బొమ్మలు, మగ్గు, తువ్వాళ్ళు. ఇప్పుడు వీటిని వేరు చేయండి. సీసాల్లాంటివి తడిసినా ఫర్వాలేదు. సబ్బు, బీరపీచు, రాయి తడుస్తాయి కానీ వెంటనే ఆరిపోవాలి. సున్నిపిండి, తువ్వాళ్ళు అసలు తడవకూడదు. ఈ మూడు రకాలకీ మూడు వేరు వేరు చోట్లు కావాలి. అన్నిటికీ కలిపి ఒక అందమైన అల్మరా చేయించి టబ్ పక్కన పెట్టారంటే, మన తేమకి వానాకాలం వెళ్ళేలోపే లోపల బూజు వాసన మొదలవుతుంది.

ఎవరు డిజైన్ తెచ్చి చూపించినా నేను మొదట అడిగే మాట ఒకటే. ఇందులో పడిన నీళ్ళు ఎటు పోతాయి? గూడైనా, అరైనా, టబ్ అంచైనా సరే, నీరు తనంతట తాను జారిపోవాలి, గాలి ఆడాలి. సముద్రమూ కాలువలూ చేలూ చుట్టూ ఉన్న చోట తడి దానంతట అది ఆరుతుందని నమ్ముకోకూడదండి.

సరే, కొలతల్లోకి వెళ్దాం. మనం అనుకుంటున్న బాత్రూమ్ ఎనిమిది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. ఆరున్నర అడుగుల గోడ పొడవునా టబ్ వస్తుంది. అందులో ఐదు అడుగులు టబ్‌కి, మిగిలిన అడుగున్నర ఒక అరుగుకి. ఈ అరుగే ఈ డిజైన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

టబ్ బయటి వెడల్పు రెండు అడుగుల పది అంగుళాలు. గోడ వైపు ఆరు అంగుళాల గట్టు, లోపల 22 అంగుళాల చోటు, ముందు వైపు నాలుగు అంగుళాల గోడ, మిగిలిన రెండు అంగుళాలు ప్లాస్టరింగ్‌కీ టైల్స్‌కీ. నేల నుంచి టబ్ అంచు ఎత్తు 20 అంగుళాలు. లోపల నీళ్ళు 13 అంగుళాల ఎత్తు వరకు నిలుస్తాయి. అక్కడ ఓవర్‌ఫ్లో రంధ్రం, అంటే ఎక్కువైన నీళ్ళు పోయే దారి, తప్పకుండా పెట్టించాలి. వీపు ఆనే వైపు గోడ నిటారుగా కాకుండా ఏటవాలుగా రావాలి. అడుగు భాగం నీళ్ళు పోయే వైపుకి నాలుగు అడుగులకి ఒక అంగుళం వాలు ఉండాలి. లోపలి మూలలు గుండ్రంగా చేయించండి. మూల పదునుగా ఉంటే బ్రష్ వెళ్ళదు, జిడ్డు అక్కడే పేరుకుంటుంది.

ఈ టబ్‌లో అంచు దాకా కాకుండా ఓవర్‌ఫ్లో వరకు సుమారు 220 లీటర్లు పడతాయి. మనిషి కూర్చుంటే ఆ మనిషి ఆక్రమించే చోటు పోను 160 లీటర్లు పోస్తే సరిపోతుంది. మరి వేడి నీళ్ళ సంగతి? చలికాలంలో మన ట్యాంకు నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. గీజర్ నీళ్ళు 60 డిగ్రీలు అయితే, 25 లీటర్ల గీజర్ ఒకసారి వేడెక్కినప్పుడు గోరువెచ్చని నీళ్ళు 67 లీటర్లే వస్తాయి. టబ్ నింపడానికి 60 లీటర్ల వేడి నీళ్ళు కావాలి. కాబట్టి పెద్ద గీజరో, సోలార్ హీటరో ముందే అనుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్ళు ఆపేసే వేసవి రోజుల్లో రోజూ టబ్ నింపుకోవడం మంచి పని కాదు. అందుకే ఈ టబ్‌ని మామూలు రోజుల్లో నిలబడి షవర్ స్నానానికి, పండగకీ ఆదివారానికీ తలంటుకి, పిల్లల స్నానానికి వాడుకునేట్టు గీస్తున్నాను. గూళ్ళ ఎత్తు కూడా ఆ లెక్కలోనే వస్తుంది.

ఇప్పుడు గూళ్ళు. మన పాత ఇళ్ళలో నూతి దగ్గర గోడలో గూడు ఉండేది కదా, కుంకుడుకాయలు, సబ్బు అక్కడే పెట్టేవారు. అదే ఆలోచన. టబ్‌లో వీపు ఆనించి కూర్చోండి. చెయ్యి పక్కకి చాపితే ఎక్కడికి అందుతుందో చూడండి. భుజానికీ మోకాలికీ మధ్య, నేల నుంచి 30 అంగుళాల ఎత్తులో మొదటి గూడు అడుగు రావాలి. వీపు వెనక ఎప్పుడూ గూడు పెట్టకండి. కళ్ళలో షాంపూ పడినప్పుడు వెనక్కి తిరిగి తడుముకోవాల్సి వస్తుంది. నిలబడి స్నానం చేసేవాళ్ళ కోసం ఇంకొక గూడు 44 అంగుళాల ఎత్తులో, మొదటి దానికి నేరుగా పైన కాకుండా కుళాయి వైపుకి జరిపి పెట్టండి. అలా పెడితే పై గూడులోంచి కారే సబ్బు నీళ్ళు కింది గూడులో పడవు.

ఒక్కో గూడు వెడల్పు ఒక అడుగు, ఎత్తు 13 అంగుళాలు చాలు. పెద్ద పంప్ సీసా కూడా పడుతుంది. తొమ్మిది అంగుళాల గోడ అయితే సగం లోతు తీయొచ్చు. ప్లాస్టరింగ్, టైల్ పోను మూడున్నర అంగుళాలు మిగులుతుంది. అది నాలుగున్నర అంగుళాల గోడ అయితే గూడు తీయకండి. అప్పుడు గోడ వైపు ఉన్న ఆరు అంగుళాల గట్టునే పైకి లేపి, దాంట్లో గూళ్ళు కట్టించుకోవచ్చు. అలాగే వాన కొట్టే బయటి గోడలో గూడు తీస్తే అక్కడ మిగిలేది సగం ఇటుకే. తుఫాను వానకి లోపలికి చెమ్మ దిగుతుంది. రెండు గదుల మధ్య గోడ దొరికితే అదే మేలు. స్తంభాలు లేని పాత ఇల్లయితే గోడ చెక్కే ముందు ఇంజినీరుకి చూపించండి.

గూడు అడుగు పలక మీద కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో చెడేది ఇక్కడే. మేస్త్రీ గారు రసమట్టం పెట్టి సరిగ్గా సమానంగా వేస్తారు. ఆయన దృష్టిలో అది మంచి పనితనం. కానీ ఇక్కడ మనకి సమానం వద్దు. లోపలి నుంచి బయటికి నాలుగైదు మిల్లీమీటర్ల వాలు కావాలి. పక్కనుండి చెప్పి చేయించండి. అడుగుకి టైల్ ముక్కలు అతికించడం కంటే ఒకే గ్రానైట్ పలక వేస్తే అతుకులు ఉండవు. మార్బుల్ వద్దు, నిమ్మరసం పడినా, బాత్రూమ్ యాసిడ్ పడినా మచ్చ పడిపోతుంది. గూడు లోపల కూడా వాటర్‌ప్రూఫింగ్ పూత వేయాలి. అది టైల్ కింద ఉంటుంది కాబట్టి వేశారో లేదో తర్వాత తెలియదు, ఆ రోజు మీరు అక్కడ ఉండండి.

సబ్బుకి చిల్లులున్న పళ్ళెం, బీరపీచుకీ రాయికీ కొక్కేలు. కొక్కేలు గూడులో కాదు, టబ్ మీదకి వచ్చేట్టు గోడకి బయట పెట్టండి, కారే నీళ్ళు టబ్‌లోనే పడతాయి. స్టీల్ కొనేటప్పుడు, అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు 304 కాకుండా 316 రకం అడగండి. ఉప్పుగాలికి 304 మీద కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి. 316లో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, అది ఉప్పుని బాగా తట్టుకుంటుంది.

ఇక అరుగు. టబ్ చివర అడుగున్నర వెడల్పు, టబ్ అంచుతో సమానమైన ఎత్తు. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే టబ్‌లోకి దిగి కూర్చోవడం, లేవడం చాలా కష్టం. వాళ్ళు ఈ అరుగు మీద కూర్చుని, కాళ్ళు టబ్‌లో పెట్టుకుని, హ్యాండ్ షవర్‌తోనో మగ్గుతోనో హాయిగా స్నానం చేయొచ్చు. తలంటు పోసే అమ్మకి కూడా ఇదే పీట. దీని పైపలక గరుకుగా ఉండాలి, వాలు టబ్ వైపుకి ఉండాలి. పక్క గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి గట్టిగా బిగించండి. నూనె పెట్టుకున్న ఒంటితో టబ్‌లో జారడం చాలా తేలిక, ఈ కడ్డీకి డబ్బు ఖర్చు పెట్టడానికి వెనకాడొద్దు.

అరుగు కింద అంతా ఖాళీయే కదా. అక్కడ ముందు నుంచి తెరుచుకునే తలుపు పెట్టి, లోపల కడప రాయి అర ఒకటి వేయించండి. టబ్ నీళ్ళు పోయే పైపు, ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే పైపు వంపు) ఈ చివరే రావాలి, ఈ తలుపులోంచే చెయ్యి పెట్టి శుభ్రం చేసుకునేట్టు ఉండాలి. మన ఇళ్ళలో ఇది చాలా ముఖ్యం. సున్నిపిండి నూనెతో కలిసి పైపులో గట్టిపడుతుంది, కుంకుడు తొక్కలు అడ్డం పడతాయి. రంధ్రం మీద జాలీ పెట్టినా అప్పుడప్పుడూ ట్రాప్ తీయక తప్పదు. ఆ దారి లేకుండా మూసేస్తే ఒకరోజు టైల్స్ పగలగొట్టాలి.

ఈ అరలో బ్రష్, ఫినాయిల్, పిల్లల బొమ్మల బుట్ట పెట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో ఫినాయిల్ వైపు గడియ ఉండాలి. తువ్వాళ్ళు మాత్రం ఇక్కడ వద్దు. తువ్వాళ్ళు, సున్నిపిండి తలుపు దగ్గర, నీళ్ళు చిందని గోడకి ఎత్తున అర వేసి పెట్టుకోండి. తలుపుకి చెక్క వాడితే చెమ్మా చెదలూ రెండూ పడతాయి. పీవీసీ బోర్డో, గాలి ఆడే రెక్కలున్న అల్యూమినియం తలుపో చాలు. లంక గ్రామాలవాళ్ళకి ఒక మాట. 1986లోనూ, 2022లోనూ గోదారి ఎంత ఎత్తుకి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అరుగు కింద తలుపు మేకులు తీస్తే ఊడి వచ్చేట్టు పెట్టించుకోండి, వరద తగ్గాక లోపలి ఒండ్రు కడుక్కోవడానికి వీలుంటుంది.

టబ్ ముందు గోడ అడుగున, నేల దగ్గర నాలుగు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల లోతు లోపలికి వదలండి. పిల్లలకి స్నానం చేయించేటప్పుడు కాలివేళ్ళు అందులోకి వెళ్తాయి, నడుం మీద భారం తగ్గుతుంది. ఇటుకతో అలా వేలాడదీయలేరు, ఆ ముందు గోడ వరకు చువ్వ వేసి కాంక్రీట్ పోయించండి.

టబ్ కింద పునాది సంగతి. మన దగ్గర ఇల్లు మెరక చేయడానికి బుసక, అంటే సన్న ఇసుక, పోస్తాం. దాని మీద నేరుగా టబ్ కడితే బుసక దిగినప్పుడు టబ్ బీటలు వారుతుంది. బాగా నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించి, ఇనుప చువ్వల జాలీతో నాలుగు అంగుళాల కాంక్రీట్ వేసి, దాని మీద కట్టండి. 220 లీటర్లంటే 220 కిలోల బరువు, ఇటుక, మనిషి బరువు వేరే.

బోరు నీళ్ళలో ఇనుము ఉన్న ఊళ్ళలో తెల్ల టైల్ కొన్ని నెలల్లోనే పసుపు రంగుకి తిరుగుతుంది. బూడిదరంగో, ఇసుక రంగో తీసుకోండి. టైల్స్ సందుల్లో మామూలు సిమెంట్ కాకుండా ఎపాక్సీ గ్రౌట్ (నీళ్ళు పీల్చని, సందులు నింపే ముద్ద) పెట్టించండి. ఖర్చు ఎక్కువే, కానీ నీళ్ళు నిలిచే చోట అది ఉండాలి.

స్విచ్ బోర్డు టబ్‌లోంచి చెయ్యి చాపితే అందే దూరంలో ఉండకూడదు. గీజర్ స్విచ్ గది బయటే పెట్టండి, ఆ లైనుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి.

టబ్ నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకి వదలొద్దు, ఒకేసారి అన్ని నీళ్ళు వెళ్తే లోపలి మడ్డి కదిలి బయటికి వచ్చేస్తుంది. విడిగా పైపు వేసి, మధ్యలో ఒక చిన్న గుంట కట్టి, అక్కడి నుంచి కొబ్బరి పాదులకో అరటి చెట్లకో పంపండి. యాసిడ్ పోసి కడిగిన రోజు మాత్రం ఆ దారి మూసేయండి.

వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. ఆరాక రంధ్రం బిగించి టబ్ నింపి, నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి, పైన మూత కప్పి 48 గంటలు వదిలేయండి. గీత నుంచి నీళ్ళు దిగితే మళ్ళీ పూత వేయాలి. అది చూశాకే టైల్స్.

మేడ మీద అయితే ఇటుక టబ్ వద్దండి, శ్లాబుకి అనవసరపు బరువు. ఆక్రిలిక్ టబ్ తెచ్చి, దాని చుట్టూ తేలికపాటి బ్లాకులతో అరుగు, గట్టు కట్టుకోండి. గూళ్ళ కొలతలు అవే. టబ్‌కీ గోడకీ మధ్య సందులో సిలికాన్ (సందు మూసే రబ్బరులాంటి జిగురు) పెట్టే ముందు టబ్ నిండా నీళ్ళు నింపమనండి. బరువుకి టబ్ కాస్త కిందకి దిగుతుంది, సందు తెరుచుకుంటుంది, అప్పుడు సిలికాన్ పెట్టి, అది ఆరేదాకా ఒకరోజు నీళ్ళు అలాగే ఉంచాలి. ఖాళీ టబ్‌కి పెడితే మొదటిసారి మీరు నీళ్ళు నింపుకున్న రోజే అది ఊడిపోతుంది.