బొమ్మ కొనేముందు వెనక్కి తిప్పి చూడుండ్రి

నమస్తే. హనుమకొండల గోడకు పెట్టే బొమ్మలు (పెయింటింగులు) అమ్మే ఏ దుకాణంకు పోయినా చీటీలు కనిపిస్తయి: 'చేర్యాల స్టైల్', 'కంటెంపరరీ', 'సెమీ అబ్‌స్ట్రాక్ట్', 'కాన్వాస్'. ఇవన్నీ ఒక్క తీరు మాటలు కావు. మొదటిది ఊరి పేరు, రెండోది కాలం (ఇప్పటిది అని), మూడోది గీసిన పద్ధతి (ఆకారం సగం సగం గుర్తుపట్టేటట్టు). నాలుగోది దేని మీద ఉన్నదో, అంటే మందపాటి గుడ్డ మీద అని చెప్తది, అంతే. కాన్వాస్ మీద మెషిన్ ప్రింటు కూడా వస్తది, యాది పెట్టుకోండ్రి.

ఈ పేర్లకు మరీ భయపడే పని లేదు. 'ఇంప్రెషనిజం' అనే పేరున్న చిత్రకళ పద్ధతికి ఆ మాట 1874ల పారిస్‌ల మోనె అనే చిత్రకారుని బొమ్మను చూసి ఒక విమర్శకుడు ఎగతాళికి అన్నదే.

మన దగ్గరి చేర్యాల సంగతి చూద్దం. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట. అక్కడ బొమ్మలు గీసే నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు పూతలు పూతలుగ పట్టిచ్చి ఆరబెడ్తరు. దాని మీద ఎర్ర నేపథ్యం, నల్లగీత. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు విప్పే పటం ఇదే. ఆ సుద్ద పూత వల్లనే మడత పెడితే పగుల్తది, రంగు పెచ్చులు లేస్తయి. అందుకే మడవొద్దు. రంగు బయటి దిక్కు ఉండేటట్టు వదులుగ చుట్టాలె. తడిబట్టతోని అస్సలే తుడవకుండ్రి. 'నాచురల్ కలర్స్' అని ధర పెంచితే ఏ రంగు దేంతోని చేసిన్రో అడుగుండ్రి. ఇప్పుడు చానామంది డబ్బా రంగులే వాడుతున్నరు, అది తప్పేం కాదు, కాని ధర వేరే.

చేత్తోని గీసిందా, ప్రింటా? ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగ కొట్టుండ్రి. గీసిన బొమ్మల కుంచె ఎత్తుపల్లాలు కనిపిస్తయి, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. భూతద్దంల సన్నటి రంగు చుక్కలు వరుసగ కనిపిస్తే ప్రింటు. ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి కుంచె గీతలు తెప్పిస్తరు, ఇక్కడనే మోసపోతరు. ఆ గీతలు కింది బొమ్మ గీతలతోని కలవయి, ఇష్టమొచ్చిన దిక్కు పోతయి. తర్వాత వెనక్కి తిప్పుండ్రి: సంతకం, ఏడాది, రంగు ఇంకిన మరకలు.

ఎచింగ్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ లాంటి వాళ్లు రాగి, జింకు పలకల మీద గీసి, ఆ గీతలను యాసిడ్‌తోని లోతు చేసి అచ్చు తీసేదే ఎచింగ్; అది అచ్చే అయినా ఒరిజినలే. కింద పెన్సిల్‌తోని 7/25 అని ఉంటే ఇరవై ఐదు కాపీలల్ల ఏడోది. బొమ్మ చుట్టూ కాయితంల పలక నొక్కిన గుంత ఉండాలె.

ఇగ నచ్చుడు. చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టి చూడుండ్రి. బతుకమ్మ బొమ్మ అని మాత్రమే నచ్చితే ప్రింటు చాలు, పైసలు మిగుల్తయి. గీతో రంగో కండ్ల ముందల నుంచి పోకపోతే ఒరిజినల్ తీసుకోండ్రి. సోఫా మీదికైతే బొమ్మ వెడల్పు సోఫాల మూడింట రెండొంతులు ఉంటే సరిపోతది. అంత పేపరు కత్తిరించి రెండు రోజులు గోడకు అతికిచ్చి చూడుండ్రి.

బిల్లు మీద చిత్రకారుని పేరు, రంగు రకం, దేని మీద గీసిన్రు, కొలత, ఏడాది రాయించుకోవాలె. రాయనంటే ఒరిజినల్ ధర ఇయ్యకుండ్రి. ఫ్రేము కట్టేటాయనకు అద్దం రంగుకు తగలకుంట మధ్యల అట్ట పెట్టమని ముందే చెప్పుండ్రి. వానకాలం నెమ్మెక్కే గోడ, పొద్దటెండ నేరుగ పడే గోడ, రెండూ వద్దు.