భుజం దగ్గర ఎముక విరిగితే ఏ ప్లేటు?
(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక ఎముకల వైద్యుడి ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

వానలు పడితే మా ఓపీకి ఒక రకం కేసులు వరసగా వస్తాయి. పెరట్లో పాచిపట్టిన గచ్చు మీద జారి పడినవాళ్లు. పోయిన వానాకాలం ఆమదాలవలస వైపు నుంచి డెబ్బై దాటిన ఒకమ్మను తీసుకొచ్చారు. కుడి దండచెయ్యి ఎముక, భుజం కీలుకి కాస్త కింద విరిగింది. నేను ఎక్స్‌రే చూస్తుండగానే కొడుకు అన్నాడు: “డాక్టరు గారూ, డబ్బుకి చూడకండి. ఉన్నవాటిలో మంచి ప్లేటు వెయ్యండి.”

తల్లి మీద ప్రేమతో అన్నమాట అది. కానీ ఏది మంచి ప్లేటో తేల్చేది ధర కాదు, ఆ ఎముక. అది చెప్పడానికే వచ్చాను.

ఆ ఎముక పైకొస గుండ్రంగా ఉంటుంది. వయసు మళ్లాక, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఆ గుండు లోపల గుల్లబారుతుంది. పాతకాలం ప్లేట్లు ‘టీ’ అక్షరంలా, మూడాకుల్లా ఉండేవి. స్క్రూలు బిగిస్తే ప్లేటు ఎముకను అదిమిపట్టేది. ఆ అదుముడే దాని బలమంతా. చెద తిన్న దూలంలో మేకు ఎన్నాళ్లు నిలుస్తుంది? గుల్ల ఎముకలో ఆ స్క్రూలూ అంతే, వదులై వెనక్కి వచ్చేసేవి.

2000 తర్వాత లాకింగ్ ప్లేట్లు వాడుకలోకి వచ్చాయి. ఆసుపత్రుల్లో ‘ఫైలోస్’ అనే మాట వినే ఉంటారు, అది ఈ జాతిదే. ఇందులో స్క్రూ తలకి కూడా మరచుట్లు ఉంటాయి. అవి ప్లేటు రంధ్రంలో బిగుసుకుని స్క్రూలూ ప్లేటూ ఒకే ముక్కయిపోతాయి. స్క్రూలు గుండులోకి తలోదిక్కు విచ్చుకుంటాయి కాబట్టి గుల్ల ఎముకలోనూ పట్టు దొరుకుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, దీన్ని కొంచెం నిదానంగా వినండి. పాత స్క్రూ వదులైతే వెనక్కి వచ్చేది. ఇది రాదు. ఎముక గుండు కుంగిపోతే స్క్రూ ఉన్నచోటే ఉంటుంది, దాని మొన గుండును చీల్చుకుని కీలులోకి పొడుచుకొస్తుంది. చెయ్యి ఎత్తినప్పుడల్లా, ఆ గుండు కూర్చునే ఎదుటి గిన్నెలాంటి ఎముకను గీకుతుంది. అప్పుడు మళ్లీ ఆపరేషనే. అందుకే గుండు లోపలివైపు అడుగున ఆసరా ఉందా లేదా అని మేం అంతగా చూస్తాం. పూరింటికి నిట్టాడు ఎలాగో దానికి ఆ ఆసరా అలాగ. అక్కడ ఎముక నుజ్జయి ఉంటే, కిందనుంచి ఏటవాలుగా పైకి వెళ్లే స్క్రూలు తప్పకుండా వెయ్యాలి. భుజాన్ని తిప్పే టెండన్లకి, అంటే కండను ఎముకకి కలిపే పట్టీలకి, దారం వేసి ప్లేటుకి కట్టాలి. ప్లేటు కొస మరీ పైకి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు పై ఎముకకి తగులుతుంది. ఇవన్నీ సరిగా కుదరడం ప్లేటు కంపెనీ కన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం.

స్టీలా టైటానియమా అంటే, టైటానియానికి ఎముకలాగా కాస్త ఒదిగే గుణం ఉంది. కానీ కొన్నేళ్ల తర్వాత తియ్యాల్సొస్తే స్క్రూలు ప్లేటుకి అతుక్కుపోయి ఇబ్బంది పెడతాయి. కార్బన్ ఫైబర్ ప్లేట్లూ వచ్చాయి. ఎక్స్‌రేలో అడ్డురావు, విరిగినచోటు చక్కగా కనిపిస్తుంది. ధర ఎక్కువ. చెయ్యి పనితనంలో టైటానియాన్ని స్పష్టంగా మించాయని మాత్రం రుజువు కాలేదు.

అసలు ప్లేటు కావాలా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ముక్కలు 1 సెంటీమీటరు మించి జరిగితేనో, 45 డిగ్రీలు మించి వంగితేనో పక్కకు తప్పినట్టు లెక్క అని 1970లో నీర్ అనే అమెరికన్ సర్జన్ చెప్పారు. ముక్కలు పక్కకు తప్పిన 250 మంది మీద బ్రిటన్‌లో అధ్యయనం చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి ఆపరేషన్, సగం మందికి స్లింగ్, అంటే చేతిని మెడకి వేలాడదీసే పట్టీ. రెండేళ్లకి చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలు తప్పినవాళ్లు, ఎముక చర్మం చీల్చుకొచ్చినవాళ్లు ఆ లెక్కలో లేరు. హైవే మీద బైకు పడి గట్టి ఎముక ముక్కలైన కుర్రాడి సంగతి వేరు, అతనికి ప్లేటు తరచు అవసరమే.

ఆ అమ్మకి నేను ప్లేటు వెయ్యలేదు. స్లింగ్ వేశాం. నొప్పి తగ్గాక ముందుకి వంగి చెయ్యి ఊయలలా ఊపించాం. నూనె మర్దనా వద్దని కొడుకుతో గట్టిగా చెప్పాను. సంక్రాంతికి వచ్చి కనిపించింది. అటక మీది డబ్బా అందడం లేదట. ముడి మాత్రం తనే వేసుకుంటోంది.