కరెంటు పోయినా ఆగని జపం: మైక్రోకంట్రోలర్‌లో ఆర్‌టీసీ

"సార్, కొత్త బటన్ సెల్ వేశాను, అయినా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం పన్నెండు గంటల దగ్గరే మొదలవుతోంది." ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. అడిగేవారు సెల్‌ను తిడతారు, బోర్డును తిడతారు, చివరికి చిప్ అమ్మిన దుకాణదారును కూడా తిడతారు. తప్పు మాత్రం చాలాసార్లు ప్రోగ్రాములోనే దొరుకుతుంది. అదెక్కడుందో చూపించడానికి ఈ రోజు ఎస్‌టీఎం32ఎఫ్407 అనే మైక్రోకంట్రోలర్‌ను, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్‌ను, తీసుకుంటున్నాను.

ఆర్‌టీసీ అంటే రియల్ టైమ్ క్లాక్, చిప్ లోపలుండే గడియారం. దానికి సమయం తెలియదు, లెక్కపెట్టడం మాత్రమే తెలుసు. పూజగదిలో జపమాల తిప్పుతూ కూర్చున్న తాతగారిని ఊహించుకోండి. ఆయన ఎన్ని గంటలకు కూర్చున్నారో మనం ఒక్కసారి చెబితే, తిరిగిన మాలలను బట్టి ఇప్పుడెంతయిందో చెప్పగలరు. హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ ఆగిపోయినా, ఆయన ముందున్న చిన్న దీపం వెలుగుతున్నంతసేపూ మాల ఆగదు. ఆ దీపమే వీబ్యాట్ అనే బ్యాటరీ పిన్నుకు కలిపిన సీఆర్2032 బటన్ సెల్, ఆ పూజగదే డేటాషీటులో బ్యాకప్ డొమైన్ అని కనిపించే భాగం. ఈ జపానికి ఒక మైక్రో ఆంపియర్ అటూఇటూగా విద్యుత్తు చాలు కాబట్టి, సెల్ తనంతట తాను పాడయ్యేలోపు జపం వల్ల ఖాళీ అవుతుందన్న భయం అక్కరలేదు.

(తెరపై: క్రిస్టల్ దగ్గరి చిత్రం)

బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన ఈ డబ్బాలో శ్రుతిదండం ఆకారంలో కోసిన క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. పౌనఃపున్యం ఇంకా తగ్గిస్తే క్వార్ట్జ్ ముక్క పెద్దదవుతుంది, పెంచితే సెల్ మీద భారం పడుతుంది. ఎఫ్407 ఈ సగం చేసే పనిని రెండు అంచెలుగా చేస్తుంది: ఒక్కో కంపనం ఒక పూస అనుకుంటే, మాలకు 128 పూసలు, 256 మాలలకు ఒక సెకను. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ప్రీస్కేలర్ రిజిస్టర్లలో, అంటే ఎంతతో భాగించాలో చెప్పే గడులలో, 127, 255 అని రాయాలి. రెండోదానిలో పొరపాటున 256 అని రాసినవారి గడియారం రోజుకు ఐదున్నర నిమిషాలకు పైగా వెనకబడుతుంది, నింద మాత్రం క్రిస్టల్ మోస్తుంది.

సెకను పూర్తయ్యాక క్యాలెండరు పని మొదలవుతుంది. అంకెలు బీసీడీ పద్ధతిలో ఉంటాయి, అంటే 59 నిమిషాలను 5గానూ 9గానూ విడివిడిగా దాచుకుంటుంది. సంవత్సరానికి రెండే అంకెలు. లీపు సంవత్సరాన్ని అదే చూసుకుంటుంది కానీ, ఈ తేదీ ఏ వారమో అది లెక్కగట్టలేదు. మీరు తప్పు వారం చెబితే ఆ తప్పునే ఏళ్ల తరబడి భక్తిగా ముందుకు నడిపిస్తుంది.

జపంలో ఉన్నవారిని మధ్యలో పలకరించకూడదు కనుక, తాతగారు తన లెక్కను బయటున్న పలకల మీద రాసి పెడుతుంటారు. షాడో రిజిస్టర్లంటే అవే. రాత్రి 23:59:59కి మీరు సమయం చదివి, తేదీ చదివేలోపు రోజు మారిపోతే మీ చేతిలో ఒక రోజు తప్పు సమాధానం ఉంటుంది. అది జరగకుండా సమయం పలకను చదవగానే తేదీ పలక బిగుసుకుపోతుంది, తేదీ చదివాకే వదులుతుంది. సెకనులోని భాగాన్ని చూపే సబ్‌సెకను పలకను ముందు చదివితే సమయం, తేదీ రెండూ బిగుసుకుంటాయి. చిప్ తయారీదారు ఇచ్చే హెచ్‌ఏఎల్ అనే కోడ్ లైబ్రరీలోని సమయం చదివే ఫంక్షన్ సబ్‌సెకనునే ముందు చదువుతుంది కాబట్టి, తేదీ అక్కరలేదని దాన్ని చదవడం మానేసినవారి తెరపై గడియారం కదలకుండా నిలబడుతుంది. తేదీతో పని లేకపోయినా చదివి పారేయండి.

ఇక ఎండ సంగతి. క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర ఖచ్చితంగా ఉండి, వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మే నెలలో రామగుండంలో స్తంభానికి బిగించిన మూతపెట్టెలో వేడి 55 డిగ్రీలకు చేరితే, అది దాదాపు 30 పీపీఎం (పది లక్షలకు 30 వంతులు), అంటే రోజుకు రెండున్నర సెకన్ల వెనకబాటు. దీన్ని సరిదిద్దే కాలిబ్రేషన్ రిజిస్టరుతో సుమారు పది లక్షల పూసలకు ఒకటి చొప్పున కలపడమో తీసేయడమో చేయవచ్చు. దాని గురించి వివరంగా చెప్పడానికి ఈ వీడియోలో సమయం లేదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. క్రిస్టల్ బదులు చిప్ లోపలుండే ఎల్‌ఎస్‌ఐ అనే ఆసిలేటర్‌ను వాడకండి. అది 17 నుంచి 47 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, పైగా ప్రధాన సరఫరా పోతే ఆగిపోతుంది. ఆర్‌టీసీ రిజిస్టర్లలో రాసేముందు బ్యాకప్ డొమైన్ తాళం తీసి, రాతను అడ్డుకునే రైట్ ప్రొటెక్షన్ రిజిస్టరులో హెక్స్ (పదహారు ఆధారంగా గల అంకెలు) పద్ధతిలో సీఏ, ఆ తర్వాత 53 రాయాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. కోడ్ తయారుచేసే సాధనాల్లో క్యాలెండరును ఎంచుకుంటే, సమయం గడిలో సున్నాయే ఉన్నా సరే, చిప్ మొదలైనప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్ ప్రతి రీసెట్‌కూ ఆ సమయాన్నే మళ్ళీ రాస్తుంది. రాత్రంతా ఆపకుండా జపం చేసిన తాతగారిని తెల్లవారగానే కుదిపి "ఇప్పుడు పన్నెండు, మళ్ళీ మొదలుపెట్టండి" అన్నట్టే. ఎఫ్407లో, సెల్ ఉన్నంతవరకూ కరెంటు పోయినా చెరగని 20 బ్యాకప్ రిజిస్టర్లున్నాయి. సమయం పెట్టిన వెంటనే వాటిలో ఒకదానిలో మీకు నచ్చిన అంకెను గుర్తుగా రాసి, ఇనిట్‌లో ముందు దాన్ని చదవండి. గుర్తు ఉంటే సమయం పెట్టే వరుసలను దాటేయండి. మామూలుగా కరెంటూ సెల్లూ రెండూ లేనప్పుడే ఆ గుర్తు చెరుగుతుంది, అప్పుడు మాత్రమే ప్రోగ్రాము సమయాన్ని కొత్తగా పెడుతుంది.