కటంగా పచ్చరాయి

సభకు నమస్కారం.

తెర మీద ఉన్న ఈ రాయిని కాస్త దగ్గరగా చూడండి. రాతి పగుల్లో గరికపచ్చ సూదులు గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి. ఒక్కో సూది వెంట్రుకంత సన్నం, పట్టులాంటి మెరుపు. దీని పేరు క్యుప్రోస్క్లొడొవ్‌స్కైట్. మేరీ క్యూరీ పుట్టింటి పేరు స్క్లొడొవ్‌స్కా, ముందున్న 'క్యుప్రో' అంటే రాగి.

యురేనియం, రాగి, సిలికా, నీరు కలిస్తే ఈ ఖనిజం. రాగి బదులు మెగ్నీషియం ఉంటే లేత పసుపు స్క్లొడొవ్‌స్కైట్ అవుతుంది. చాలా యురేనియం ఖనిజాలు అల్ట్రావయొలెట్ లైట్ కింద వెలుగుతాయి. ఇది వెలగదు, రాగి ఆ వెలుగును అణిచేస్తుంది. వెలగలేదు కదా అని చేత్తో నలపకండి. రేడియేషన్ ఎక్కడికీ పోలేదు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడమే అసలు ప్రమాదం.

ఇది అరుదు కావడానికి కారణముంది. యురేనియం, రాగి ఒకే చోట ఉండాలి, వాటికి గాలీ వాననీరూ తగలాలి. కాంగోలోని కటంగా ప్రాంతం అలాంటిదే. 1933లో అక్కడి కలోంగ్వేలో దీన్ని గుర్తించారు. ముసోనోయి గనిలోనూ చక్కటి స్ఫటికాలు దొరికాయి. చెక్ దేశంలోని యాఖిమోవ్‌లోనూ ఉంది. క్యూరీ దంపతులు రేడియం తీసిన పిచ్‌బ్లెండ్ (యురేనియం ముడిరాయి) వ్యర్థం వచ్చిందీ ఆ ఊరి గనుల నుంచే.

కటంగా అన్నాక షింకోలోబ్వే గని గురించి చెప్పకుండా ఉండలేను. అక్కడి మేలురకం ఖనిజంలో యురేనియం ఆక్సైడ్ 65 శాతం దాకా ఉండేది. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో అది 0.05 శాతం కూడా లేదు. 1940లో గని కంపెనీ అధిపతి ఎడ్గార్ సెంజియర్ వెయ్యి టన్నులకు పైగా ఖనిజాన్ని న్యూయార్క్‌కు తరలించారు. హిరోషిమా బాంబులోని యురేనియంలో ఎక్కువ భాగం ఈ గనిదే. 1946లో అమెరికా ఆయనకు మెడల్ ఫర్ మెరిట్ ఇచ్చింది. తర్వాత సెంజిరైట్ అని ఒక ఖనిజానికి ఆయన పేరే పెట్టారు. ఆ ముడిరాయిని చేతులతో ఏరి, మోసిన కాంగో కూలీల పేర్లు మాత్రం ఏ ఖనిజానికీ లేవు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

2004 జనవరిలో ఆ గనిని మూసేయాలని కాంగో అధ్యక్షుడు ఆదేశించారు. అయినా జనం పొట్టకూటికి కోబాల్ట్ తవ్వుకుంటూనే ఉన్నారు. ఆ జులైలో గనిలో కొంత భాగం కూలి ఎనిమిది మంది చనిపోయారు.