మీరు రాయని కనీస వెడల్పు

[తెర మీద: ఫోను వెడల్పున ఒక వరుస. ఎడమన గుండ్రటి ఫోటో, పక్కన పొడవాటి ఫైలు పేరు. కుడి అంచున ఏమీ లేదు.]

ఈ వరుసలో ఒక బటన్ ఉంది. నమ్మండి, కోడ్‌లో నేనే రాశాను. మీకు కనిపించడం లేదు, ఈ పేజీ తెరిచేవారికీ కనిపించదు. దాన్ని బయటికి నెట్టింది ఎవరో పట్టుకుందాం.

ఈ వరుసను వెబ్ పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ భాషలో, పెట్టెలను వరుసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్ పద్ధతితో కట్టాను. ముందు లెక్క చూద్దాం. తెర వెడల్పు 360 పిక్సెల్స్. ఫోటో 48, బటన్ 80, మధ్యలో 12 చొప్పున రెండు ఖాళీలు. ఫోటో, బటన్ కుంచించుకుపోకుండా వాటికి ఫ్లెక్స్ ష్రింక్ సున్నా ఇచ్చాను. ఇవన్నీ కలిపితే 152. మిగిలేది 208. ఫైలు పేరున్న మధ్య పెట్టెకు, మిగిలిన చోటంతా తీసుకొమ్మని ఫ్లెక్స్ 1 ఇచ్చాను కాబట్టి దానికి ఆ 208 దక్కాలి, అంతకు మించకూడదు.

[తెర మీద: డెవలపర్ టూల్స్. మధ్య పెట్టె మీద మౌస్ పెట్టగానే 290 అని చూపుతుంది.]

చూపుతున్నది 290. ఫైలు పేరు గమనించండి. అండర్‌స్కోర్లతో కుట్టేసిన ఒకే మాట అది. అండర్‌స్కోర్ దగ్గర బ్రౌజర్ పంక్తిని విరవదు. ఆ మాట పొడవు 290, పెట్టె అంతకంటే తగ్గనని మొండికేసింది. ఇప్పుడు ఎడమనుంచి కూడండి: 48, 12, 290, 12. మొత్తం 362. బటన్ మొదలయ్యేది అక్కడ. తెర 360కే అయిపోయింది.

మొదటిసారి ఈ చిక్కు ఎదురైనప్పుడు నేను మధ్య పెట్టెకు మ్యాక్స్ విడ్త్, అంటే గరిష్ఠ వెడల్పు, 208 అని రాసి చేతులు దులుపుకున్నాను. ఆ ఫోనులో అంతా బాగుంది. పెద్ద తెరలో తెరిస్తే పేరు 208 దగ్గరే తెగిపోయి, దాని పక్కన బోలెడు చోటు వృథాగా పడి ఉంది. తర్వాత లోపలి పేరాకు ఎలిప్సిస్ పెట్టాను, పేరు చివర మూడు చుక్కలు వస్తాయని. చుక్కలు రాలేదు. ఎందుకు వస్తాయి? పేరాకు పూర్తి వెడల్పు ఇచ్చేంతగా పెట్టే సాగిపోతోంది కదా!

అసలు సంగతి ఇది. మిన్ విడ్త్, అంటే కనీస వెడల్పు, మనం రాయకపోతే సున్నా అనుకుంటాం. 2011లో ప్రమాణంగా వెలువడిన సీఎస్‌ఎస్ 2.1లో దాని తొలి విలువ సున్నానే. ఫ్లెక్స్‌బాక్స్ వచ్చాక ఆ విలువ ఆటో అయింది. మామూలు పెట్టెల్లో ఆటో అన్నా సున్నా అన్నా తేడా ఉండదు. ఫ్లెక్స్ వరుసలో ఉన్న పెట్టెకు మాత్రం ఆటో అంటే, లోపలి సరుకు బయటికి పొంగకుండా పట్టేంత కనీస వెడల్పు. మనం రాయని ఆ కనీసాన్ని బ్రౌజర్ తనంతట తానే పెట్టుకుంటుంది.

[తెర మీద: మధ్య పెట్టెకు కొత్త పంక్తి చేరుతుంది. మిన్-విడ్త్: 0;]

ఒక్క పంక్తి. పెట్టె 208కి తగ్గింది, మూడు చుక్కలు వచ్చాయి, బటన్ తన చోటికి చేరింది.

బయటికి పొంగినదాన్ని దాచే ఓవర్‌ఫ్లో హిడెన్‌ను పెట్టెకే ఇచ్చినా ఇదే ఫలితం, ఎందుకంటే అప్పుడు ఆటో సున్నాగా మారుతుంది. కానీ లోపల మెనూ తెరుచుకునేది ఏదైనా ఉంటే అదీ తెగిపోతుంది. నా ఓటు మిన్ విడ్త్ సున్నాకే.

ఇదే కథ నిలువుగానూ నడుస్తుంది. ఫ్లెక్స్ దిశ కాలమ్ అయినప్పుడు మొండికేసేది మిన్ హైట్, అంటే కనీస ఎత్తు. సందేశాల జాబితా తన పరిధిలో స్క్రోల్ కాకుండా పేజీనే కిందికి లాగేస్తోందంటే, ఆ జాబితాకు, బయటి పెట్టెకు మధ్య ఉన్న ప్రతి ఫ్లెక్స్ పెట్టెనూ చూడండి. ఎక్కడో ఒకచోట మిన్ హైట్ సున్నా లోపించి ఉంటుంది. పెట్టెలను అడ్డం, నిలువు గళ్లలో పేర్చే గ్రిడ్‌లో 1ఎఫ్‌ఆర్, అంటే మిగిలిన చోటులో ఒక వాటా, అని రాస్తే దాని లోపలి అర్థం మిన్‌మ్యాక్స్ ఆటో, 1ఎఫ్‌ఆర్: కనీసం ఆటో, గరిష్ఠం ఒక వాటా. అందుకే సమానంగా ఉండాల్సిన రెండు నిలువు వరుసల్లో వెడల్పాటి పట్టిక ఉన్నది ఉబ్బిపోతుంది. మిన్‌మ్యాక్స్ 0, 1ఎఫ్‌ఆర్ అని రాయండి, సరిపోతుంది.

[తెర మీద: విడ్త్ 300, మ్యాక్స్ విడ్త్ 200, మిన్ విడ్త్ 250.]

ఇప్పుడు మనం కావాలని రాసే కనీసాల సంగతి. ఈ మూడింటిలో గెలిచేది ఏది? వీడియో ఆపి ఆలోచించండి. బ్రౌజర్ ముందు 300 అనుకుంటుంది, మ్యాక్స్ దాన్ని 200కు కోస్తుంది, ఆఖరున మిన్ వచ్చి 250కి పెంచుతుంది. చివరి మాట ఎప్పుడూ మిన్‌దే. కార్డుకు మిన్ విడ్త్ 400 అని రాసి, మ్యాక్స్ విడ్త్ 100 శాతం కాపాడుతుందని ధీమాగా ఉంటే చిన్న ఫోనులో పేజీ పక్కకు జారుతుంది. మిన్ విడ్త్‌కు మిన్ ఫంక్షన్‌తో 100 శాతం, 400 పిక్సెల్స్ రెండూ ఇవ్వండి. రెండింటిలో చిన్నది తీసుకుంటుంది.

బటన్లకు ఎత్తు బిగించకండి. హైట్ 40 పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ చేస్తే, మాట రెండో పంక్తికి జారిన రోజున సగం అక్షరాలు మాయం. తెలుగులో అయితే ముందు బలయ్యేవి కింది వత్తులు. మిన్ హైట్ పెడితే అవసరమైనప్పుడు బటన్ పెరుగుతుంది. ఎంత పెట్టాలన్నది వేలిని బట్టి: వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.2 కొన్ని మినహాయింపులతో కనీసం 24 పిక్సెల్స్ వెడల్పు, 24 ఎత్తు అడుగుతుంది. అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో 44. నేను 44కే వెళతాను.

ఒక ఉచ్చు కూడా చెప్పాలి. మిన్ హైట్ 100 శాతం రాసినా ఏమీ జరగడం లేదా? తల్లి పెట్టెకు ఎత్తు ఆటో అయి ఉంటుంది, దేంట్లో 100 శాతమో తెలియక బ్రౌజర్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. మొత్తం తెర కావాలంటే 100ఎస్‌వీహెచ్ వాడండి. ఫోనులో చిరునామా పట్టీ కనిపిస్తున్నప్పుడు మిగిలే ఎత్తుతోనే అది లెక్క కడుతుంది.

ఇదంతా విన్నాక, స్టైల్‌షీటు పైన నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ మిన్ విడ్త్ సున్నా ఇచ్చేద్దామని మీకు అనిపించవచ్చు.

[తెర మీద: ఆరు బటన్ల వరుస. కిటికీ ఇరుకవుతున్న కొద్దీ బటన్లు కుంచించుకుని, ఒకదాని మాటలు పక్కదాని మీదికి పాకుతాయి.]

ఇదిగో, ఆటో ఆపుతున్నది దీన్నే. ఈ వరుసకు కావలసింది, చోటు చాలనివాటిని కింది పంక్తికి దింపే ఫ్లెక్స్ ర్యాప్. సున్నాను ఫైలు పేరున్న ఆ ఒక్క పెట్టెకే ఉంచండి.