స్టవ్ వెనక గోడ గ్రౌట్‌కి రంగు మార్చి ఆరు నెలలైంది: నా రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ గోడ చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. తెల్ల టైల్స్, మధ్యలో బూడిద రంగు గీతలు. టైల్స్ మధ్య సందుల్లో నింపే ఈ గీతల్నే గ్రౌట్ అంటారు. ఆరు నెలల కిందట ఈ గీతలు స్టవ్ వెనక పసుపుపచ్చగా, సింకు పక్కన నల్లగా ఉండేవి. ఎంత తోమినా అంతే. ఇప్పుడు ఇలా ఉన్నాయంటే టైల్స్ పగలగొట్టలేదు, గ్రౌట్ తవ్వించలేదు. గ్రౌట్ కలరెంట్ అని సీసాలో వచ్చే రంగు వేశాను, అంతే. ఇన్నాళ్లు వాడాక అది ఎలా ఉందో చెప్తాను.

మామూలు గ్రౌట్ అంటే సిమెంటే. దాని నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. టైల్ మీద పడ్డ జిడ్డు తుడిస్తే పోతుంది, గ్రౌట్ మాత్రం పీల్చేసుకుంటుంది. పైగా స్టవ్ వేడికి ఆ నూనె గట్టిపడిపోతుంది, ఇక సబ్బు నీళ్లకు ఎక్కడ లొంగుతుంది? అయితే మనం వేసే రంగుకి పట్టు దొరికేది కూడా ఆ రంధ్రాల్లోనే. అవి జిడ్డుతో నిండి ఉంటే రంగు పైపైనే ఉండిపోతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదట గ్రౌట్ మీద రంగు గీసే గ్రౌట్ పెన్ కొన్నాను. గోడ పైపైన తుడిచి గీతలు గీసేశాను. ఆ రోజు ఎంత బాగుందో! కొన్ని వారాలకే స్టవ్ వెనక పొరలు పొరలుగా లేచిపోయింది. సింకు వైపు మాత్రం బాగానే నిలిచింది. అంటే తప్పంతా పెన్నుది కాదు, కింద ఉన్న జిడ్డుది. పెన్నుతో పడే పొర పల్చన కాబట్టి ఒకటి రెండు గీతలు సరిచేసుకోవడానికి చాలు. గోడంతటికీ అయితే సీసా రంగే తీసుకోండి.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. గ్రౌట్ మీద నీటి చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగండి. చుక్క ఇంకి ఆ చోటు ముదురు రంగుకి తిరిగితే మీ గ్రౌట్ రంగు పీల్చుకుంటుంది. చుక్క అలాగే నిలబడితే పైన సీలర్ (నీళ్లు ఇంకకుండా పూసే పూత) ఉందనో, జిడ్డు ఉందనో, లేదా అది సిమెంటుకి బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అనో అర్థం. ఎపాక్సీకి రంధ్రాలు ఉండవు, ఈ రంగు దానికి సరిగ్గా పట్టదు.

ఇక శుభ్రం చేయడం. నాకు రంగు వేయడం కన్నా దీనికే ఎక్కువ టైమ్ పట్టింది, మీరూ ఇక్కడ తొందరపడకండి. ముందు జిడ్డు తీసే క్లీనర్, గట్టి బ్రష్, తర్వాత మంచినీళ్లు. ఆ తర్వాత గ్రౌట్ కోసమే అమ్మే తేలికపాటి యాసిడ్ క్లీనర్ వాడి మళ్లీ కడగాలి. మీ టైల్స్ మార్బుల్ అయితే యాసిడ్ వద్దు, రాయి మెరుపు పోతుంది. ఇంకో మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి: బ్లీచ్‌నీ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయండి. తర్వాత గోడని ఒక రోజంతా ఆరనివ్వాలి.

రంగు వేయడం సులువే. పాత టూత్‌బ్రష్‌తో గీతలోకి రుద్దాలి. ఒకేసారి నాలుగైదు టైల్స్ మించి పెట్టుకోకండి. టైల్ మీద పడిన రంగు ఆరకముందే, బాగా పిండిన తడిబట్టతో ఐమూలగా తుడవండి. గీత వెంబడి తుడిస్తే లోపలి రంగు కూడా వచ్చేస్తుంది. రెండు కోట్లు వేశాను. ఆరే టైమ్ సీసాని బట్టి మారుతుంది, నా సీసా మీద నీళ్లు తగలకుండా 72 గంటలు ఆగమని ఉంది. అన్నాళ్లూ స్టవ్ ముట్టించలేదు. అవును, వంటింటికి అది ఇబ్బందే. ముందే చూసుకోండి.

ఏ రంగు ఎంచుకోవాలి? తెల్ల టైల్‌కి నల్ల గ్రౌట్ ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. కానీ టైల్స్ కాస్త వంకరగా అతికించి ఉంటే ప్రతి వంకరా ఎత్తి చూపిస్తుంది. మా గోడ అలాంటిదే, అందుకే బూడిద రంగుకి వెళ్లాను. ముదురు గ్రౌట్‌ని తెల్లగా చేయాలంటే కోట్లు ఎక్కువ పడతాయి. ఏదైనా సరే, ముందు ఒక మూల వేసి ఆరాక చూడండి.

పగిలిన, పొడిగా రాలిపోతున్న గ్రౌట్‌కి ఇది పనికిరాదు. అక్కడ తవ్వి కొత్తది పెట్టాల్సిందే. మెరుపు పొరలో సన్నటి పగుళ్ల డిజైన్ ఉన్న టైల్స్‌కి కూడా వద్దు, రంగు ఆ పగుళ్లలోకి దిగితే మళ్లీ రాదు. గోడా గట్టూ కలిసే చోట సాధారణంగా సిలికాన్ ఉంటుంది, దానికీ రంగు అంటదు. నేను పాతది బ్లేడుతో కోసి తీసేసి, అదే రంగు సిలికాన్ పెట్టాను.

ఇప్పుడు దగ్గరికి రండి. ఇదిగో, పెద్ద బర్నర్ వెనక ఈ రెండు గీతలు కాస్త పల్చబడ్డాయి. మిగతా గోడంతా మొదటి రోజులాగే ఉంది. రోజూ తడిబట్ట, వారానికోసారి తేలికపాటి సబ్బు నీళ్లు, ఇంకేమీ వాడలేదు. సీసాలో రంగు మిగిలే ఉంది, మూత బిగించి దాచాను. రేపు ఆ రెండు గీతలకీ జిడ్డు తీసి ఇంకో కోటు వేస్తాను.