బోర్డు ఆగిపోయిందా, మాట మన దాకా రాలేదా?

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఈ మైకు ఇప్పుడు పోయిందనుకోండి, నేను మాట్లాడుతూనే ఉంటాను, మీకు మాత్రం వినపడదు. బోర్డు విషయంలో దీన్ని మర్చిపోయి నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

నా దగ్గరున్నది న్యూక్లియో ఎఫ్446, అంటే ఎస్‌టీఎం32 అనే చిన్న కంప్యూటర్ చిప్ ఉన్న బోర్డు, దానికో సెన్సర్. ప్రోగ్రామ్ ఎక్కడ పోతోందో చూద్దామని సెన్సర్‌ని పిలిచే లైనుకి ముందు 'ఇక్కడిదాకా వచ్చాను' అని రాసి పంపే ప్రింట్ఎఫ్ ఆజ్ఞ ఒకటి పెట్టాను. బోర్డు పంపేది కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్‌లో ఒక్క అక్షరం లేదు. అంటే అంతకంటే ముందే చచ్చిపోతోందని తీర్మానించేసి, చిప్ నడిచే వేగాన్ని నిర్ణయించే క్లాక్ సెట్టింగులన్నీ తిరగరాశాను, కేబుల్ మార్చాను, పక్కవాడి బోర్డు కూడా అడుక్కున్నాను. చివరికి అతనే నా భుజం మీదుగా చూసి, 'అన్నా, చివర్న బ్యాక్‌స్లాష్ ఎన్ ఏది?' అన్నాడు. అంటే కొత్త లైన్ గుర్తు.

జరిగిందేంటంటే, ఇలాంటి సెటప్‌లో ప్రింట్ఎఫ్ అక్షరాలను వెంటనే పంపదు, లైన్ పూర్తయ్యేదాకా బఫర్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, దాచుకుంటుంది. నా మాట బఫర్‌లో ఉండగానే సెన్సర్ కోడ్ క్రాష్ అయింది, మాట కూడా దాంతోపాటే పోయింది. తప్పు నేను వెతికిన చోటుకి తర్వాత ఉంది, నేనేమో ముందు తవ్వుతున్నాను! కొత్త లైన్ పెట్టండి, లేదా దాచినదాన్ని వెంటనే పంపించేసే ఎఫ్‌ఫ్లష్ పిలవండి, లేదా ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే సెట్‌వీబఫ్‌తో బఫరింగ్ తీసేయండి. నేనైతే ఇప్పుడు మూడోదే చేస్తాను, నా మతిమరుపు మీద నాకు నమ్మకం లేదు.

ఏమీ రాకపోవడానికి ఇంకో మామూలు కారణం పిన్ను. ఈ న్యూక్లియోలో యూఎస్‌బీ వైపున్న ఎస్‌టీ-లింక్ చిప్‌కి (కంప్యూటర్‌తో మాట్లాడేది ఇదే) కలిసి ఉన్నది యూఏఆర్‌టీ 2 అనే సీరియల్ పోర్టు, అంటే పీఏ2, పీఏ3 అనే పిన్నులు. మీరు యూఏఆర్‌టీ 1లో ఎంత రాసినా అది వేరే పిన్ను మీద బ్రహ్మాండంగా వెళ్తూ ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం రాదు.

పిచ్చి అక్షరాలు వస్తే మాత్రం టెన్షన్ పడకండి, అది శుభవార్త! వైరు బాగుంది, పిన్ను సరైనదే, బోర్డు పంపే వేగం, మానిటర్ చదివే వేగమే కుదరలేదు. ఈఎస్‌పీ8266 అనే వైఫై బోర్డు రీసెట్ చేస్తే మొదట పిచ్చి గీతలొచ్చి తర్వాత మీ మాటలు చక్కగా రావడం చూసే ఉంటారు. ఆ బోర్డుకి క్లాక్ ఇచ్చే క్రిస్టల్ 26 మెగాహెర్ట్జ్‌ది, చిప్ మొదలవగానే నడిచే బూట్ కోడ్ మాత్రం 40 అనుకుని సెకనుకి 115200 బిట్ల వేగానికి లెక్కేసుకుంటుంది. 115200ని 40తో భాగిస్తే 2880, దాన్ని 26తో గుణిస్తే 74880. మానిటర్‌ని 74880కి పెట్టి రీసెట్ నొక్కండి, ఆ గీతలే బూట్ మెసేజ్‌గా చదవడానికొస్తాయి, రీసెట్ ఎందుకయిందో కూడా అందులోనే ఉంటుంది. ఎస్‌టీఎం32లో కూడా ఇదే జబ్బు: బోర్డుకి వచ్చే క్లాక్ 8 మెగాహెర్ట్జ్, కోడ్‌లో ఆ క్లాక్ ఎంతో చెప్పే హెచ్‌ఎస్‌ఈ విలువ 25 అని ఉండిపోతే బాడ్ రేట్, అంటే బిట్లు వెళ్లే వేగం, మూడో వంతుకంటే కిందకి పడిపోతుంది.

ఇంకోటి, ప్రింట్ ఊరికే రాదు. 115200 వేగంలో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే దాదాపు 87 మైక్రోసెకన్లు. 40 అక్షరాల లైన్‌కి మూడున్నర మిల్లీసెకన్లు. దీన్ని ఇంటరప్ట్‌లో, అంటే నడుస్తున్న పనిని ఆపి మధ్యలో నడిచే కోడ్‌లో, పెట్టి కూర్చుంటే టైమింగ్ అంతా మారిపోతుంది. ప్రింట్ పెడితే బగ్ మాయం, తీస్తే ప్రత్యక్షం! అలాంటి చోట ఒక ఖాళీ పిన్నుని పైకీ కిందకీ ఆడించి సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే స్కోప్‌లోనో లాజిక్ అనలైజర్‌లోనో చూడండి. అవేవీ లేకపోతే ఎల్ఈడీ చాలు, బోర్డు బతికుందో లేదో తేలుతుంది.

సరే, ఇక మీ బోర్డులు తీయండి. కంప్యూటర్‌లో పోర్టే కనిపించని వాళ్లు ముందు ఆ కేబుల్ ఇలా తెండి. ఫోన్ చార్జర్‌తో వచ్చినదైతే అందులో డేటా వైర్లు ఉన్నాయో లేవో చూద్దాం.